నరమున కెక్కించు ప్రతిరక్షకములు: మొదటి దినపు భయము

(మన సంఘ భవనమున జరిగిన ఆరోగ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ఈ బళ్లారిలో ప్రత్తి వ్యాపారము చేసికొనుచున్నవారము. అయినను మా బావగారికి రక్త క్యాన్సరు వచ్చినపుడు ఆరు మాసములు వారి ప్రక్కన కూర్చుండి చూచినదియు, వైద్యుల నడిగి తెలిసికొన్నదియు మీకు చెప్పవలెనని తోచినది.

రక్త క్యాన్సరు అనగానే అది ఒకే వ్యాధి యని మనవారు తలంతురు. దీర్ఘకాలికమైన వానిలోనే రెండు ముఖ్యమైన తెగలున్నవి. మైలాయిడ్ రకమునకు ఇమాటినిబ్ అను మాత్ర కలదు. దానిని హైదరాబాదులోని నాట్కో సంస్థ 2003 నుండి చౌకగా అందించినది. మా బావగారిది లింఫోసైటిక్ రకము. ఇది ఎక్కువగా అరువది యేండ్లు దాటినవారికి వచ్చును. ఇందు చాలమందికి వెంటనే మందే అక్కరలేదు. కొన్ని నెలల కొకసారి రక్తపరీక్ష చేయించుకొనుచు వేచియుండవచ్చును. వైద్యుడు మందు వ్రాయలేదని కోపించి వైద్యునే మార్చినవారిని మేమెఱుగుదుము. మందు అవసరమైనపుడు ఇతర ఔషధములతో కలిపి ఇచ్చునదే రిటుక్సిమాబ్ అను ప్రతిరక్షకము. నేడు మాత్రలే ప్రధానముగా నడచు చికిత్సలును వచ్చినవి. ఎవరికేది తగునో నిపుణులే నిర్ణయింపవలెను.

ఈ మందు 1997లో అమెరికాలో మొదట లింఫోమా వ్యాధికి అనుమతి పొందెను. 2007లో కళ్ళం అంజిరెడ్డిగారు స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ హైదరాబాదున దీనిని రెడిటక్స్ అను పేరుతో, విదేశీ మందు ధరలో దాదాపు సగమునకే విడుదల చేసెను. మన తెలుగువారి సంస్థ చేసిన ఈ పనివలన ఎన్నో కుటుంబముల ఆస్తులు నిలిచియుండును.

ఇది పనిచేయు విధమును మా వ్యాపార భాషలో చెప్పెదము. గిడ్డంగిలో ముద్రవేసిన బేళ్ళనే హమాలీలు ఎత్తుదురు గదా. వ్యాధిగ్రస్తమైన తెల్లకణములపై సీడీ ఇరువది అను గుర్తు ఉండును. ప్రతిరక్షకము పోయి దానికి అంటుకొనును. అంతట శరీరములోని రక్షణ శక్తులే ఆ కణములను నాశనము చేయును. అదే జాతి మంచి కణములకును ఆ గుర్తే యుండుటచే అవియు నశించి, కొన్ని నెలల తరువాత గాని తిరిగి పుట్టవు. కావున ఆ కాలమున జ్వరము వచ్చినచో ఇంటివైద్యము చేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇక మొదటి దినము. ముందుగా జ్వరమునకు, దురదకు మందులిచ్చి, గంటకు 50 మిల్లీగ్రాముల చొప్పున మెల్లగా ఎక్కించ నారంభింతురు. బాధ లేకున్నచో అరగంట కొకసారి వేగము పెంతురు. ఉదయము పోయినవారికి సాయంకాలము కావచ్చును. రక్తపుపోటు మాత్ర ఆ ఉదయము వేసికొనవచ్చునో లేదో ముందే అడుగవలెను. ఎక్కించునపుడు పోటు పడిపోవచ్చును. మా బావగారికి గంట గడవకముందే చలి పుట్టి, పండ్లు కొట్టుకొని, మంచమే కదలెను. మా అక్కగారు ఏడ్చుచు, “తమ్ముడూ, చాలును, వీరిని ఇంటికి తీసికొనిపోదము” అనిరి. మేమును లేచితిమి. నర్సమ్మ మాత్రము తొందరపడక మందు ఆపి, సూది యిచ్చి, అరగంట యైన పిమ్మట మరల మెల్లగా ప్రారంభించినది. కణములు ఒక్కసారిగా నశించునపుడు ఇట్లగుననియు, తెల్లకణములు మిక్కుటముగా నున్నవారికి ఇది ఎక్కువనియు వైద్యులు చెప్పిరి. ఊపిరి బిగిసినను, గొంతు పట్టినను, ఒడలు దద్దురులెత్తినను తక్షణమే చెప్పవలెను, మర్యాదకు ఓర్చుకొనరాదు. రెండవసారి వారు నాలుగు గంటలలో ముగించుకొని, ఇడ్లీ తిని, రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కిరి. ఇరువది యెనిమిది దినముల కొకటి చొప్పున మొత్తము ఆరు.

ఇంతకంటె పెద్ద ఆపద మొదటి దినమునకు ముందే తప్పినది. “పూర్వము పచ్చకామెర్లు వచ్చినవా?” అని వైద్యులడిగినపుడు బావగారు లేదనిరి. నిజమునకు ఇరువది యేండ్ల క్రిందట సిరుగుప్ప వద్ద ఆకుపసరు త్రాగి తగ్గించుకొనిరి. క్యాన్సరుకు దీనికి సంబంధమేమని దాచిరి. రక్తపరీక్షలో హెపటైటిస్ బి బయటపడెను. నిద్రించుచున్న ఆ క్రిమి ఈ మందుతో మేల్కొని కాలేయమును చెఱచి ప్రాణము తీయగలదు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమై హెచ్చరికను మరింత కఠినము చేసినది. వారికి ముందుగా ఆ క్రిమిని అణచు మాత్రలు మొదలిడి, తరువాతనే దీనిని ఎక్కించిరి. ఆ మాత్రలు చికిత్స ముగిసిన పిమ్మటను ఏడాదికి పైగా వాడవలసియున్నది. కావున అయ్యలారా, ఆ పరీక్ష జరిగినదా యని మీరే అడుగుడు. పాత కామెర్లను దాచకుడు.

మరియొకటి. సంతకము చేయించు సమ్మతి పత్రము మాకిచ్చినది కన్నడమున, ఇంగ్లీషున ఉండెను. బావగారు తెలుగు తప్ప చదువలేరు. చదువకయే సంతకము చేయబోయిరి. పసరు మాట పత్రము చదివి వినిపించునప్పుడే బయటపడినది. బెంగళూరునకు చికిత్సకై పోవు మన సభ్యులు వారము ముందుగా కార్యాలయమున తెలిపినచో, రెండు భాషలు వచ్చిన యువకు నొకనిని తోడు పంపుటకు ఏర్పాటు చేసితిమి. రైలు ఛార్జీ సంఘమే భరించును. ఇప్పటికి నలుగురు యువకులు పేర్లిచ్చిరి, ఇంకను కావలెను.