నడుం నాది, నిర్ణయం ఎవరిది?

(జిల్లా మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూర్చుని మాట్లాడమన్నారు. నేను నిలబడే మాట్లాడతాను. అరగంట కూర్చుంటే నడుం పట్టేసి లేవలేను. తొమ్మిదేళ్లుగా ఇంతే.

నడుం నొప్పి అంటే మన ఇళ్లలో వచ్చే జవాబు "ఆడవాళ్లకి మామూలే" అని. నాట్లు వేసేది వంగి, కలుపు తీసేది వంగి, అంట్లు తోమేది వంగి. ఆ చాకిరీకి లెక్క లేదు కాబట్టి నొప్పికీ లెక్క లేదు.

మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏ పరీక్షా చేయకుండానే, "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించుకోండి, నొప్పి పోతుంది" అన్నారు. ఈ మాట మనలో విననివాళ్లెవరు? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. గర్భసంచి జబ్బు వల్ల నడుం లాగవచ్చు, నిజమే. కానీ ఎక్కువ నడుం నొప్పులకు కారణం అది కాదు. పైగా చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. నేను ఒప్పుకోలేదు.

పోయిన ఏడాది నొప్పి ఎడమకాలిలోకి దిగింది. స్కానింగ్ చూసి, డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది, ఆపరేషన్ చేయించుకోమన్నారు. తర్వాత కొన్ని వారాలు వంగకూడదు, బరువులెత్తకూడదు. నేను వెంటనే వద్దన్నాను. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే సిగ్గేసింది. నేను వద్దన్నది నా నడుం గురించి ఆలోచించి కాదు. వంట ఎవరు చేస్తారు, నీళ్లెవరు మోస్తారు, అత్తగారినెవరు చూస్తారు అని లెక్క వేసుకుని. హక్కుల గురించి ఊరూరా మాట్లాడే నేను, నా ఒంటి సంగతి వంటింటికి అప్పగించేశాను.

అందుకే ఈసారి ప్రశ్నలు రాసుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. తెలుసుకున్నది చెబుతాను. ఈ ఆపరేషన్ కాలి నొప్పిని తగ్గించినంతగా నడుం నొప్పిని తగ్గించదు. డిస్కు వల్ల వచ్చే కాలి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. చేయించుకుంటే త్వరగా తగ్గవచ్చు. స్కానింగ్‌లో డిస్కు అరిగిందని కనబడితే భయపడనక్కర్లేదు. ఏ నొప్పీ లేని 50 ఏళ్లవారిలోనూ నూటికి 80 మందికి ఆ అరుగుదల కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. అయితే ఒక్కటి మరచిపోవద్దు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గిపోతున్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

అడిగే హక్కు చట్టం మనకిచ్చింది. సమీరా కోహ్లీ కేసులో పరీక్ష కోసమని మత్తిచ్చి, తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. స్పృహ తెలిసి, ఆలోచించి నిర్ణయించుకోగల స్త్రీ తరఫున తల్లి సంతకమే చెల్లలేదు. మరి భర్త సంతకం ఎలా చెల్లుతుంది?

ప్రస్తుతానికి నేను వ్యాయామం చేస్తున్నాను. కాలి నొప్పి సగం తగ్గింది, నడుం నొప్పి ఉంది. కాలు బలహీనపడితే ఆపరేషన్ చేయించుకుంటాను. అప్పుడు వంట ఎవరిదో ఇంట్లో ఇప్పుడే తేల్చేశాను. గొడవ జరిగింది, జరగనివ్వండి.

మిమ్మల్ని కోరేది రెండు. మీ ఊళ్లో ఏ స్త్రీకైనా ఆపరేషన్ అంటే వెంట వెళ్లండి. ఎందుకు, చేయించుకోకపోతే ఏమవుతుంది, వేరే దారి ఉందా అని ఆమెతో అడిగించండి. విశ్రాంతి కావలసివస్తే ఆ ఇంటి పని మగవాళ్లు అందుకునేలా మాట్లాడండి, అవసరమైతే సంఘం వంతులు వేసుకోవాలి. పడుకునే తీరిక లేని మనిషికి "నీ ఇష్టం" అని చెబితే అది ఇష్టం కాదు.