కరువు సీమలో బడి అన్నం

అన్నదానం అనగానే ఈ రాయలసీమలో ముందుగా నోటికొచ్చే పేరు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిది. 1866 కరువులో వేలమంది ఆయన పెట్టిన అన్నం తిని బతికారు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది, జనం పాట కట్టుకున్నారు. ఆ దాతను తలచుకోవడం మన ధర్మం. కానీ దాత లేని ఊళ్లో పుట్టిన బిడ్డ సంగతేమిటన్నది ఆనాడూ ప్రశ్నే. 1876-78 నాటి మహాక్షామంలో సర్కారు శిబిరాలు వెలిశాయి, 1952లో గంజి కేంద్రాలు వచ్చాయి. అన్నిటి తీరూ ఒకటే: కరువొచ్చిందని పైవాళ్లు ఒప్పుకున్నాక పొయ్యి వెలిగేది, వాన పడగానే ఆరిపోయేది. ఏ కరువూ ప్రకటించకపోయినా, మామూలు మంగళవారం నాడు కూడా బిడ్డ కంచంలో అన్నం పడే ఏర్పాటు ఈ నేలమీద బడి భోజనంతో వచ్చింది. అందుకే దాన్ని దానంగానో, హాజరు పెంచే ఎరగానో చూడటం నాకు సమ్మతం కాదు. అది ఎండిన నేల మీద పెరిగే ఒంటికి చేయించిన బీమా. దాని లెక్కాజమా కూడా ఆ దృష్టితోనే చూడాలి.

ఈ బీమా మనకు ఆలస్యంగా అందింది. 1953లో మద్రాసు నుంచి విడిపోయి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మూడేళ్లకు, 1956లో, కామరాజ్ మద్రాసు రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. విడిపోవడం తప్పని నేననను. అయినా ఆ మూడేళ్ల తేడాకు సీమ పిల్లలు కట్టిన సుంకం దాదాపు అర్ధ శతాబ్దం. 1995లో కేంద్రం పథకం ప్రకటించింది గానీ, చాలా రాష్ట్రాల్లో అది హాజరున్న పిల్లవాడికి నెలకు మూడు కిలోల గింజలుగానే మిగిలింది. ఆ గింజలు ఇంటికి పోయి ఇంటిల్లిపాది కుండలో కలిసేవి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన అన్నమే పెట్టాలని ఆదేశించాక, మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బళ్లలో పొయ్యి రాజుకుంది. భోజనం బదులు తల్లి ఖాతాలో డబ్బు వేస్తే చాలనేవారు ఆ మూడు కిలోల అనుభవాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఇంట్లో అప్పువాడు గుమ్మంలో నిలబడితే ఖాతాలోని డబ్బు బిడ్డ నోటిదాకా రాదు. బడిలో వడ్డించిన ముద్ద మాత్రం ఎవరి అప్పుకూ జమకాదు.

బీమా అన్న మాట అలంకారానికి వాడలేదు. యంగ్ లైవ్స్ అనే దీర్ఘకాల అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు వేల మంది పసిపిల్లలను వెంబడించింది. అందులో మన కడప, అనంతపురం పిల్లలూ ఉన్నారు. వాళ్లు పుట్టిన తొలి ఏళ్లలోనే వరుస కరువులు వచ్చాయి. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఆ కొలతలను పరిశీలించి 2014లో ప్రచురించిన ఫలితం ఇది: పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లల ఎత్తూ బరువూ వెనకబడితే, బడి భోజనం ఆ లోటును పూడ్చింది. 2021లో వెలువడిన మరో పరిశోధన ఇంకో తరం ముందుకు వెళ్లింది. చిన్నప్పుడు బడిలో తిన్న ఆడపిల్లలు తల్లులయ్యాక, వాళ్ల బిడ్డల్లో ఎదుగుదల లోపం తక్కువగా కనబడింది. ఒక పూట అన్నం రెండు తరాల లెక్కల్లోకి ఎక్కిందన్నమాట.

ఉచితం అలవాటైతే సోమరులవుతారన్న మాట ఈ మధ్య బాగా వినబడుతోంది. ఆ వాదం మనకు కొత్త కాదు. 1877లో కరువు పరిశీలనకు సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మనిషికి రోజుకు ఒక పౌను గింజలు చాలన్నాడు. అంతకు మించితే ఖజానాకు నష్టం, జనానికి బద్ధకం అన్నది ఆనాటి ధోరణి. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఆ తిండితో మనిషి నిలబడలేడని ఎదురు తిరిగాడు, చివరికి కూలి పెంచక తప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లను సోమరి అనడానికి ఎవరికీ నోరు రాదు కాబట్టి, నేటి విమర్శ తండ్రిమీదికి మళ్లుతుంది: కన్నవాడే పెట్టుకోవాలి కదా! పెట్టుకోవాలి. కానీ వాన మోసం చేస్తే అది తండ్రి తప్పు కాదు, కూతురి తప్పు అసలే కాదు. పేదలకే పెడితే చాలదా అంటారు ఇంకొందరు. అలాగైతే బడిలో రెండు పంక్తులు వేయాలి. పంక్తి అనే మాటకు మన ఊళ్లలో ఎంత చరిత్ర ఉందో ఈ సభకు చెప్పనక్కర్లేదు. 2004లో సుప్రీంకోర్టు వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇమ్మన్నది ఊరికే కాదు.

పిల్లలు తినకుండా పారబోస్తున్నారన్న ఫిర్యాదు మాత్రం నిజంగా బరువైనది. దానికి జవాబు వంటపాకలో దొరుకుతుంది. ప్రాథమిక బడిలో ఒక్కొక్కరికి వంద గ్రాముల బియ్యం, ఇరవై గ్రాముల పప్పు, యాభై గ్రాముల కూరగాయలు, ఐదు గ్రాముల నూనె పెట్టాలి. బియ్యం విడిగా వస్తాయి. మిగతా ఖర్చుకు 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన ధర తలకు రూ. 6.78. అరవై మంది ఉన్న బడికి రోజుకు 407 రూపాయలు. కందిపప్పు కిలో 120, కూరగాయలు 40, నూనె 150 అనుకుంటే వీటికే 309 పోతాయి. మిగిలిన వందలోనే గ్యాసు, చింతపండు, కారం, పోపు అన్నీ. టమోటా కిలో వందకెక్కిన నెలలో పప్పు నీళ్లచారు అవుతుందంటే ఆశ్చర్యమేముంది? వండే మహిళకు గౌరవ వేతనం నెలకు మూడు వేలు, అదీ 2019లో వెయ్యి నుంచి పెరిగాక. బిల్లు ఆలస్యమైతే కిరాణా కొట్లో ఖాతా పెరిగేది ఆమె పేరు మీదే. రాష్ట్రం తన వాటాతో గుడ్డు, చిక్కీ, 2023 నుంచి రాగిజావ చేర్చడం మంచి పని. దాన్నింకా ఈ నేలకు దగ్గర చేయొచ్చు. నల్లరేగడిలో మనం పండించే పప్పుశనగలో నూటికి ఇరవై పాళ్లు మాంసకృత్తులే. నంద్యాల పరిశోధన కేంద్రం కొర్రకు మేలైన వంగడాలిచ్చింది. వారానికి రెండుసార్లు శనగ గుగ్గిళ్లు, ఒకసారి కొర్రన్నం పెట్టడానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు. దగ్గరి రైతు దగ్గర కొనే అధికారం బడికిస్తే చాలు.

ఇక ఈ బీమాలో పెద్ద చిల్లు ఎండాకాలం. ఏప్రిల్ చివర బడి మూస్తారు, జూన్ రెండోవారంలో తెరుస్తారు. గాదె అడుగంటేదీ అప్పుడే, కూలి దొరకనిదీ అప్పుడే. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పంట పోయిన ఏట సంసారాలు సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతాయి, గుంటూరు మిరప చేలకో, బెంగళూరుకో. వెనక మిగిలిన పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, అన్ని ఊళ్లలో లేవు. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని చెప్పింది. 2013 ఆహార భద్రతా చట్టం మాత్రం సెలవు రోజులను మినహాయించింది. 2023 ఖరీఫ్ కరువు జాబితాలో కర్నూలు జిల్లా మండలాలు ఉన్నాయి. అంటే ఏ ఊళ్లో పొయ్యి ఆరకూడదో ప్రభుత్వానికి శీతాకాలానికే తెలుసు. ఆ అరవై మంది బడిలోనే లెక్క వేద్దాం: 45 రోజుల సరుకులకు 18,306 రూపాయలు, ఇద్దరు వంటమనుషులకు నెలన్నర వేతనం తొమ్మిది వేలు, కలిపి 27,306. బియ్యం గోదాముల్లోనే ఉన్నాయి. కరువు ప్రకటన జీవోలోనే ఈ పద్దు చేర్చి, ఏప్రిల్‌కు ముందే బడి ఖాతాలో వేయమని మన శాసనసభ్యులను, కలెక్టర్లను అడగాలి.