కప్పు ఎక్కినవాడూ కార్మికుడే



మృగశిర కార్తె రాకముందే ఇంటి కప్పు చూసుకోవడం మన ఊళ్ళ అలవాటు. ఇక్కడ బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు వానలు ఇంకా గట్టివి. రేకులు మార్చదలచినవారు ఎండల్లోనే పని ముగించండి.

మన ఇళ్ళమీది పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కదిలించనంతకాలం ముప్పు తక్కువ. పగలగొట్టినా, కోసినా కంటికి కనబడని పోగులు ఊపిరితిత్తుల్లో చేరతాయి. రోగం 20, 30 ఏళ్ళకు బయటపడుతుంది. పత్తి దుమ్ము పీల్చిన మనకు వేరే చెప్పాలా? 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులోనే, ఆరోగ్యం కార్మికుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది.

కాబట్టి మేస్త్రీతో కూలి ఒక్కటే మాట్లాడకండి. పాత రేకులు నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. పైన నడవడానికి పలకలు వేయాలి. పాత రేకు కాలు పెడితే విరుగుతుంది. ముక్కలు కోళ్ళగూటికి వాడకండి. కొత్తవి ఆస్బెస్టాస్ లేనివి అడగండి. బోల్టు రంధ్రం రేకు ఉబ్బుమీద వేయించండి, పల్లంలో వేస్తే నీరు కారుతుంది. ఒప్పందం కాగితం మీద రాసుకుని, పని జరిగినకొద్దీ డబ్బివ్వండి.

భవన నిర్మాణ కార్మికులకు 1996లో చట్టం వచ్చింది. సంక్షేమ మండలిలో పేరు నమోదైందా అని పనివారిని అడగండి, కాకుంటే చేయించుకోమని చెప్పండి.

నాలుగు రూపాయలు మిగులుతాయని పలకలు వద్దనే యజమాని మనలో ఉండకూడదు. మిల్లులో రక్షణ అడిగే మనం మన ఇంటి దగ్గర దాన్ని కాదనగలమా?