ఎదిగే పిల్లల తలనొప్పి

సాయంకాలము బడి నుండి వచ్చిన పిల్లవాడు పుస్తకాల సంచి మూలన పడవేసి, "అమ్మా, తల పగిలిపోతోందే" అంటాడు. తల్లి నుదుటికి మందు రాస్తుంది. లేదా వీధి చివరి కొట్టు నుండి ఒక బిళ్ళ తెప్పిస్తుంది. వారమునకు రెండు మూడుసార్లు ఇట్లే జరిగితే ఇంటిలో రెండు అభిప్రాయములు బయలుదేరుతాయి. బడి ఎగవేయుటకు నటన అని ఒకరు, మెదడులో ఏదో జబ్బు అని మరొకరు. సాధారణముగా ఈ రెండును నిజము కావు.

కౌమారమున వచ్చే తలనొప్పులలో తరచుగా కనిపించేవి రెండు. తలకు పట్టీ బిగించినట్లు ఉండేది మొదటిది. పోటు పెడుతూ, వాంతి వచ్చినట్లు చేసి, వెలుతురు చూడనీయని పార్శ్వపునొప్పి రెండవది. ఇది కొన్ని కుటుంబములలో వంశానుగతముగా వస్తుంది. మనస్సు కలతపడినప్పుడు మెడ, భుజముల కండరములు బిగుసుకుంటాయి, నిద్ర చెడుతుంది, మెదడు నొప్పిని మరింత తీవ్రముగా గ్రహిస్తుంది. కనుక కారణము మనస్సులో ఉన్నను, నొప్పి మాత్రము నిజమైనదే.

మన పలాస, టెక్కలి ప్రాంతములందు పిల్లల మనస్సును కలచే విషయములు తక్కువా? పదవ తరగతి పరీక్షల భయము అంతటా ఉన్నదే. ఉద్దానములో దానికి తోడు, వలసపోయిన తండ్రి కొరకు ఎదురుచూపు ఉన్నది. జీడిపప్పు కర్మాగారమునకు పోయిన తల్లి తిరిగి వచ్చులోగా ఇంటిపని ముగించి, ఆపైన చదువుకొనవలసిన బాలిక ఉన్నది. తాతకో తండ్రికో మూత్రపిండములు చెడి, డయాలసిస్‌కు తీసుకొనిపోయే రోజులు లెక్కించే ఇల్లు ఉన్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసినది. ఆనాటి పసివారే నేటి కౌమారులు. పెద్దలు రాత్రివేళ అప్పుల సంగతి మాట్లాడుకొనునప్పుడు పిల్లలు నిద్రపోయినారని తలుస్తాము. వారు వింటూనే ఉంటారు. "నాకు కూడా ఆ జబ్బు వస్తుందా?" అన్న ప్రశ్న వారి నోట రాదు, తలనొప్పి అన్న మాటే వస్తుంది.

ఇక బిళ్ళల సంగతి. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పిమందులు మూత్రపిండములకు హాని చేయగలవు. ఉద్దానపు మూత్రపిండ వ్యాధికి మూలకారణము ఇంకను తేలలేదు. అటువంటి చోట ఈ అలవాటు మరింత ప్రమాదము. అదిగాక, నెలకు సగము రోజులు నొప్పిమందు వాడుచున్నచో, కొన్ని నెలలకు ఆ మందే తలనొప్పిని తెచ్చిపెడుతుంది. వైద్యుని అడుగక పిల్లలకు బిళ్ళ ఇవ్వవద్దని మా మనవి.

మరి చేయవలసినదేమి? నొప్పి ఏ రోజున, ఏ వేళ వచ్చినది, ముందు తిన్నదేమి, నిద్రపోయినదెంత అని ఒక నెల పాటు చిన్న పుస్తకములో వ్రాయండి. ఉదయము చద్దన్నమైనను తినకుండ బడికి పంపవద్దు. 8 గంటలకు తగ్గని నిద్ర ఉండవలెను. ఫోను రాత్రి పెద్దల వద్దనే ఉండవలెను. అందరి ఎదుట గద్దించి అడుగక, తోటకు వెంట తీసుకొనిపోయి, "ఏమి నాన్నా, దేని గురించి దిగులు?" అని అడగండి. ఇంటిలోని జబ్బును గూర్చి వయస్సునకు తగినంత నిజము చెప్పండి. బడిలో తోటివారి వేధింపు ఉన్నదేమో ఉపాధ్యాయులను కనుగొనండి. దిగులు విడువనప్పుడు 14416 నంబరునకు ఫోను చేస్తే, 2022లో ప్రారంభమైన టెలి-మానస్ సేవ ద్వారా తెలుగులోనే ఉచితముగా సలహా లభిస్తుంది.

అయితే హఠాత్తుగా వచ్చిన భరింపరాని నొప్పి, జ్వరముతో మెడ బిగియుట, తెల్లవారుజామున వాంతులు, చూపు మసకబారుట, మూర్ఛ, కాలుసేతుల బలహీనత, తలకు దెబ్బ తగిలిన తరువాతి నొప్పి, వీనిలో ఏది కనిపించినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

తక్కిన నొప్పులకు మాత్రము, కొట్టునకు పంపబోయే ముందు పిల్లవాని ప్రక్కన కొంతసేపు కూర్చుండండి. వాడు వెంటనే చెప్పకపోవచ్చును. మరునాడు కూడా కూర్చుండండి.