మాట వినపడాలి
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా పిడుగురాళ్లలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. ఆ రోజునే మనం ఏటా ఇలా కలుసుకుంటున్నాము. ఈ వేదిక మీద డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీ ఇంట్లో హోమ్ థియేటర్ బాగుచేసుకున్న సంగతి చెప్పండి, చాలామంది ఇళ్లలో అదే గొడవ" అన్నారు. నేను ఇంజనీరును కాను. జీవితమంతా ఫైళ్లు రాసిన గుమాస్తాను. గుమాస్తాకు అర్థమైన మేరకు చెబుతాను.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి హైదరాబాదు నుంచి వస్తూ ఒక హోమ్ థియేటర్ సెట్టు తెచ్చాడు. ఒక రిసీవరు, చిన్న స్పీకర్లు అయిదు, కింద పెట్టే నల్ల పెట్టె ఒకటి. ఆ నల్ల పెట్టెనే సబ్ వూఫర్ అంటారు. బిగించడానికి వచ్చిన కుర్రాడు వైర్లు కలిపి, పెట్టెను అడ్డం లేకుండా గది మూలకు నెట్టి, బాంబులు పేలే సినిమా ముక్క ఒకటి వేసి చూపించాడు. అలమారలో స్టీలు గిన్నెలు గలగలలాడాయి. అందరం సంతోషించాము.

పండగ అయిపోయింది, పిల్లలు వెళ్లిపోయారు. మేమిద్దరం మాయాబజార్ పెట్టుకుని కూర్చున్నాము. 1957లో వచ్చిన సినిమా, మాకు మాటమాటా కంఠతా వచ్చు. అయినా మా ఆవిడ "ఏమన్నాడండీ?" అని అడగడం మొదలుపెట్టింది. తమాషా ఏమిటంటే, ఘటోత్కచుడు ఎదురుగా టీవీలో కనిపిస్తున్నాడు, ఎస్.వి. రంగారావుగారి గొంతు మాత్రం సగం మూలనున్న పెట్టెలోంచి, కుండలో మాట్లాడినట్టు వస్తున్నది. నేను సౌండు పెంచాను. పెంచినకొద్దీ గుమగుమలు పెరిగాయి గాని మాట పెరగలేదు. కొత్త సినిమాలతో అయితే మరీ అన్యాయం. నాలుగో రోజున విసుగెత్తి "నీకేమన్నా చెవుడా?" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి టీవీ దగ్గరికి రావడం మానేసి, సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. యాభై ఏళ్లు కలిసి సినిమాలు చూసినవాళ్లం. ఇల్లంతా మోత, నేను ఒక్కడినే.

వేసవి సెలవులకు మా మనవడు వచ్చినప్పుడు "తాతయ్యా, ఇందులో క్రాస్ ఓవర్ తప్పుగా ఉంది" అన్నాడు. అక్కడి నుంచి నా చదువు మొదలైంది.

క్రాస్ ఓవర్ అంటే ఏమిటో చెబుతాను. శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కంపించింది అనే లెక్కతో కొలుస్తారు, దాని పేరు హెర్ట్జ్. మంచి చెవికి దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుంది. అంకె తక్కువైతే డోలు, ఉరుము. ఎక్కువైతే తాళాలు, పిచ్చుక కూత. చిన్న స్పీకరు ఉరుమును పలకలేదు, పెద్ద పెట్టె పిచ్చుకను పలకలేదు. అందుకని ఫలానా అంకె కంటే కిందిది పెట్టెకు, పైది చిన్న స్పీకర్లకు అని రిసీవరు పంచిపెడుతుంది. ఆ అంకే క్రాస్ ఓవర్. మన భాషలో చెప్పాలంటే తపాలా వచ్చినప్పుడు ఏ కాగితం ఏ సెక్షనుకో మార్కు చేయడం. ఒక సెక్షను కాగితం రెండో సెక్షనుకు పోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మా ఇంట్లో ఆ అంకె 200 దగ్గర ఉన్నది. మగవారి గొంతు మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంటే రంగారావుగారి గొంతు అడుగుభాగం మొత్తం సబ్ వూఫర్ సెక్షనుకు పోతున్నది. పైగా ఈ పంపకం గోడ కట్టినట్టు ఉండదు, గట్టు వాలినట్టు ఉంటుంది. 200 అని పెడితే 250, 300 కూడా కొంత ఆ పెట్టెలోంచి వస్తుంది. అందుకే గొంతు చీలిపోయి, సగం మూల నుంచి వినపడింది.

ఇంతకూ ఎంత పెట్టాలి? సినిమా శబ్దానికి టి.హెచ్.ఎక్స్. అనే ప్రమాణం ఒకటి ఉన్నది, వారు చెప్పేది 80 హెర్ట్జ్. దానికి కారణం ఉంది. 80 హెర్ట్జ్ అలల పొడవు సుమారు 14 అడుగులు. అంత పొడవైన అల ఎటునుంచి వచ్చిందో మన రెండు చెవులకు మధ్యనున్న జానెడు దూరం పోల్చుకోలేదు. కాబట్టి పెట్టె ఎక్కడున్నా శబ్దం తెర నుంచే వచ్చినట్టు ఉంటుంది. 120 దాటితే మెల్లగా ఆచూకీ దొరికిపోతుంది.

అయితే 80 అందరికీ పనికిరాదు. మీ స్పీకర్ల పుస్తకంలో అవి ఎంత కిందికి పలుకుతాయో అంకె ఉంటుంది. ఆ అంకె కంటే ఒక 10, 20 పైన క్రాస్ ఓవర్ పెట్టుకోవాలి. మా ముందు స్పీకర్లు, మధ్య స్పీకరు 80 దాకా పలుకుతాయని రాసి ఉంది, వాటికి 100 పెట్టాము. వెనకవి ఇంకా చిన్నవి, వాటికి 120. చాలా రిసీవర్లలో ఇలా దేనికి దానికి వేరుగా పెట్టుకోవచ్చు. పెట్టెలోనే అన్నీ బిగించి వచ్చే చవక సెట్లలో ఈ అంకె మార్చడానికి వీలుండదు. అక్కడ బేస్ తగ్గించుకోవడమే మార్గం.

మెనూలో 'లార్జ్', 'స్మాల్' అని అడుగుతుంది. మన స్పీకర్లు పెద్దవని చాలామంది గర్వంగా 'లార్జ్' పెడతారు. పెట్టకండి. 'స్మాల్' అంటే గ్రేడు తక్కువని కాదు, కింది స్వరాల పని సబ్ వూఫర్‌కు అప్పగించామని. అది డ్యూటీ చార్టు మాత్రమే.

సబ్ వూఫర్ వెనకాల ఇంకొక క్రాస్ ఓవర్ మర ఉంటుంది. పంపకం రిసీవరు చేస్తున్నప్పుడు దీన్ని చివరిదాకా తిప్పేయాలి, లేదా ఎల్.ఎఫ్.ఇ. అని రాసిన రంధ్రంలో తీగ పెట్టాలి. లేకపోతే ఒకే ఫైలుకు ఇద్దరు గుమాస్తాలు కోత పెట్టినట్టు అవుతుంది. ఎల్.ఎఫ్.ఇ. అంటే సినిమావాళ్లు పిడుగులకు, పేలుళ్లకు విడిగా రాసిపెట్టిన దారి, 5.1లో ఆ పాయింటు ఒకటి అదే. దానికి రిసీవరులో వేరే అంకె ఉంటుంది. దాన్ని 120 దగ్గర వదిలేయండి. దానికీ మనం చెప్పుకునే క్రాస్ ఓవర్‌కూ సంబంధం లేదు.

ఇక పెట్టె ఎక్కడ పెట్టాలన్నది. మూలలో పెడితే రెండు గోడలు, నేల తోడై కింది స్వరం ఉబ్బుతుంది. మా మనవడు ఒక ఉపాయం చేశాడు. పెట్టెను నేను కూర్చునే కుర్చీలో ఎక్కించి, పాట పెట్టి, వాడు గది చుట్టూ పాకాడు. గుమగుమ లేకుండా డోలు దెబ్బ దెబ్బగా విడివిడిగా వినపడ్డ చోట సుద్దముక్కతో గీత గీసి, పెట్టెను అక్కడికి మార్చాడు. ఈ పాకే పని మాత్రం మనవలకే వదిలేయండి. రెండు సబ్ వూఫర్లు కావాలా అని ఒక మిత్రుడు అడిగారు. రెండోది మోత కోసం కాదు, గదిలో ఒక కుర్చీ దగ్గర ఎక్కువ, ఇంకో కుర్చీ దగ్గర తక్కువ లేకుండా సమంగా రావడానికి. ఇద్దరు కూర్చునే ఇంటికి ఒకటి చాలు.

మన ప్రాంతపు ఇళ్ల సంగతి ఒకటి ఉంది. కింద నాపరాయి, పైన స్లాబు, చుట్టూ సున్నం కొట్టిన నున్నటి గోడలు. ఎండకు మంచివే గాని శబ్దం తగిలి తిరిగొచ్చి మాట మీద మాట పడుతుంది. కింద ఒక జంపఖానా, కిటికీకి మందపాటి తెర, ఇవి వేసేసరికి రూపాయి ఖర్చు లేకుండా సగం జబ్బు కుదిరింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మాట ఎక్కడుంటుంది? పాత టెలిఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేది. అయినా ట్రంకు కాల్‌లో అవతలివారి మాట మనకు తెలిసేది. అంటే మాటను పోల్చుకోవడానికి 300 కంటే కిందిది అంత అవసరం లేదన్నమాట. స, శ, త, క వంటి హల్లుల గుర్తులు పైనే ఉంటాయి. వయసు ముందుగా కోత పెట్టేది ఆ పైభాగానికే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 60 దాటినవారిలో నాలుగోవంతుకు పైగా ఇబ్బంది కలిగించేంత వినికిడి లోపం ఉన్నవారే. ఇంకో సంగతి, కింది స్వరం గట్టిగా ఉంటే పైస్వరాన్ని కప్పేస్తుంది. పైస్వరం కిందిదాన్ని అంతగా కప్పలేదు. అందుకే నేను సౌండు పెంచినకొద్దీ మాట ఇంకా మునిగిపోయింది.

ఇది మన పెద్దలకు తెలియనిది కాదు. పొన్నెకల్లు షేక్ నాజర్‌గారి బుర్రకథ విన్నవారు ఈ సభలో ఉన్నారు. తంబుర పట్టిన కథకుడు మధ్యలో, గుమ్మెటలతో వంతలు ఇద్దరూ అటొకరు ఇటొకరు. కథకుడు మాట చెప్పేటప్పుడు గుమ్మెట అణిగి ఉంటుంది, పౌరుషం వచ్చినప్పుడు మోగుతుంది. గుమ్మెట లేకపోతే కథకు ఊపు లేదు. గుమ్మెటే మోగుతుంటే కథ లేదు. మన సెట్టులో కథకుడు మధ్య స్పీకరు, డైలాగు చాలావరకు దాంట్లోనే వస్తుంది. దాన్ని చెవి ఎత్తుకు తిప్పి పెట్టి, మిగతావాటి కంటే మూడు డెసిబెళ్లు పెంచాము. సబ్ వూఫర్ కాస్త తగ్గించాము.

ఆ రోజు సాయంత్రం మనవడు వెళ్లి "అమ్మమ్మా, ఒక్కసారి వచ్చి కూర్చో" అని పిలుచుకొచ్చాడు. అదే మాయాబజార్. అరగంట గడిచింది, ఆవిడ ఒక్కసారే "ఏమన్నాడు?" అంది. నవ్వాల్సిన చోట నాకంటే ముందే నవ్వింది.

ఆ ఒక్కసారి ఎందుకు అడిగిందో తెలుసుకుందామని గుంటూరులో ఒక చెవి డాక్టరుగారి దగ్గరకు వెళ్లాము. తోడుగా వచ్చాను గదా అని నా చెవులూ పరీక్ష చేశారు. ఇద్దరికీ పైస్వరాలు తగ్గాయి. ఆవిడకు కొద్దిగా, నాకు బాగా. ఇంట్లో సౌండు పెంచమని పోరింది నేను, చెవుడని తిట్టింది ఆవిడను. డాక్టరుగారి ముందు ఆవిడ ఏమీ అనలేదు. బస్సులో మాత్రం "క్రాస్ ఓవర్ మీ చెవిలో కూడా పెట్టించుకోండి" అంది. ఇప్పుడు నా కుడి చెవిలో ఉన్న మిషను అదే.

కాబట్టి నా మనవి ఇది. 'లార్జ్' పెట్టకండి. 80తో మొదలుపెట్టి, స్పీకర్లు చిన్నవైతే 100, 120కి వెళ్లండి. 200 వద్దు. పెట్టెను మూల నుంచి తీయండి, మధ్య స్పీకరు పెంచండి. రాత్రి 10 దాటాక సబ్ వూఫర్ కట్టేయండి, పక్కింట్లో కూడా మనలాంటి ముసలివాళ్లే ఉండవచ్చు. ఇన్ని చేసినా మాట అందకపోతే స్పీకరును గాని, ఇంట్లోవాళ్లను గాని తిట్టకుండా చెవి పరీక్ష చేయించుకోండి. చెవి మిషను కళ్లజోడులాంటిదే, సిగ్గుపడే పనిలేదు. బిడ్డలారా, మీరు సెట్టు కొనిపెట్టి వెళ్లిపోకుండా, ఒక పూట కూర్చుని మీ అమ్మకు, నాన్నకు మాట వినపడుతున్నదో లేదో అడిగి వెళ్లండి.

నా మాట మైకులో వెనక వరుస దాకా వినపడిందనే తలుస్తాను.