పరిమళ చూర్ణములు – మరుగవుతున్న మాటలు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సీసాలలోని సెంట్లు ఇంటింటికీ చేరకముందు మన పెద్దలకు సుగంధమంటే చాలావరకు పొడియే. వట్టివేళ్లు, కచ్చోరాలు, తుంగముస్తలు, జటామాంసి, మరువం, దవనం, గంధపుచెక్క – వీటిని నీడన ఆరబెట్టి, విడివిడిగా దంచి, వస్త్రగాళితం పట్టి, మూత బిగువైన బరిణెలలో దాచేవారు. ఎండ తగలనీయకపోవడానికి కారణముంది: వాసననిచ్చే తైలం వేడికి ఎగిరిపోతుంది. గంధం, వట్టివేరు చేర్చడానికీ కారణముంది: వాటి తైలాలు మెల్లగా ఆవిరవుతూ తేలిక వాసనలను పట్టి ఉంచుతాయి. రసాయనశాస్త్రం చదవని అవ్వలు ఈ సంగతి అనుభవంతో ఎరుగుదురు.

ఇది కేవలం ఇంటి ముచ్చట కాదు. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాలలో నాలుగేసి ఏరుకొంటే 1820 మిశ్రమాలవుతాయని లెక్కగట్టాడు. మన పిల్లలు పై తరగతులలో సంయోగాల పేర నేర్చేది ఈ లెక్కనే. కొండవీటి కుమారగిరిరెడ్డి (1386–1402) వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథ మహాకవి హరవిలాసాన్ని అంకితమిచ్చాడు. బుక్కాగుండ మన సాహిత్య చరిత్రలోనూ పరిమళించిందన్నమాట.

నిడుగల్లు చోళులు ఏలిన ఈ కొండసీమ కన్నడ రాజ్యంలో ఉన్నా, మన తాలూకాకు దాదాపు అన్నివైపులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. మన వట్టివేరు కన్నడంలో లావంచ. మన మరువం మరుగ. దవనం మాత్రం ఇరువురికీ దవనమే. రెండు పేర్లూ ఎరిగిన బిడ్డ భాగ్యవంతుడు. ఏ పేరూ ఎరుగని బిడ్డకు అది వట్టి గడ్డివేరు. పేరు పోయిన మొక్కను కాపాడాలన్న తలపు ఎవరికి కలుగుతుంది?

ఆ ముప్పు నిజమైనదే. దుంపతో సహా పెకలించడం వల్ల హిమాలయాల జటామాంసి నేడు అంతరించే స్థితికి చేరింది. దొంగనరుకుళ్ల వల్ల అడవులలో గంధపుచెట్లు తరిగిపోయాయి. కనుక పాతదంతా యథాతథంగా పునరుద్ధరించమని నేను కోరను. పెంచుకోదగినవాటిని పెంచుదాం. వట్టివేరు తవ్వినా, పిలకలు నాటితే మరల వస్తుంది. మరువం, దవనం కుండీలోనూ పెరుగుతాయి.

నా విన్నపం ఒక్కటే. ఈ జూబిలీ గుర్తుగా బడి ఆవరణలో ఈ మూడింటినీ నాటి, రెండు భాషలలో పేరుపలకలు నిలపండి. విద్యార్థులారా, మీ అవ్వలను అడిగి వారి పొడుల పాళ్లు నోటుపుస్తకంలో వ్రాసుకోండి. వారు చెప్పగలిగిన కాలంలోనే అడగండి.

స్వస్తి.