బిందుసేద్యము – మన కర్తవ్యము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన కులమున కనేకులకు కృషియే జీవనాధారము. కృషికి జలమే ప్రాణము. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు అనంతపురప్రాంతమున వేసవియందు కూరగాయలు పండించుట యెట్లన్నది మన ముందున్న ప్రశ్న.

శివాలయమున వేసవికాలమందు లింగముపై ధారాపాత్రమును వ్రేలాడగట్టుదురు. దాని యడుగునగల సన్నని రంధ్రమునుండి బిందువు వెంట బిందువు రాలి, కడివెడు నీరు చాలసేపు వచ్చును. బిందుసేద్యమునందలి యుక్తియు నిట్టిదియే. ఇజ్రాయెలు దేశీయుడగు సించా బ్లాస్ అను ఇంజనీరు రూపొందించిన సాధనమును, 1965లో హట్జెరీము గ్రామమున స్థాపితమైన నెటాఫిమ్ సంస్థ లోకమున వ్యాపింపజేసెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2003లో ప్రభుత్వము సూక్ష్మసేద్యపథకమును ప్రారంభించి రైతులకు రాయితీ నొసగెను.

కాలువలో పారించిన నీరు కొంత యెండకు ఆవిరియగును; కొంత కలుపును పెంచును; కొంత వేళ్లకందని లోతునకు దిగిపోవును. డ్రిప్పరు గంటకు 2 లేక 4 లీటర్ల నీటిని మొక్క మొదటనే విడుచుటచే నీ నష్టము చాలవఱకు తగ్గును. టమాట, వంగ, మిరప మొదలగు పైరులకు దినమునకు 5 మిల్లీమీటర్ల నీరు వలయుననుకొన్నచో, ఎకరమునకు సుమారు 20,000 లీటర్లు చాలును. ఆ లెక్కను బట్టి పంపు నడపవలయునే గాని కరెంటున్నంతసేపు నడపరాదు.

వడపోత సాధనమును తఱచుగా కడుగవలయును. గొట్టముల చివరి మూతలు విప్పి మడ్డిని పోనీయవలయును. బోరునీటి సున్నపుపొరచే రంధ్రములు పూడినచో నిపుణుల సలహాతో ఆమ్లశుద్ధి చేయింపవలయును. ఈపాటి శ్రద్ధ లేకయే పలువురు గొట్టములను చుట్టచుట్టి పాకలో పడవేయుచున్నారు.

ఇక ముఖ్యవిషయము. బిందుసేద్యము నీటిని సృజింపదు. వ్యర్థమును మాత్రమే వారించును. ఎకరమునకు సరిపోవు నీరు రెండెకరములకు వచ్చెనని మూడవ యెకరమునగూడ మొక్కలు నాటినచో, బోరు ఎండుట తప్పదు. అన్నదమ్ములు పోటీపడి మఱింత లోతునకు త్రవ్వించుటయు, అప్పులపాలగుటయు తప్పవు. మిగిల్చిన నీరు భూగర్భమున నిలిచిననాడే అది పొదుపనిపించుకొనును.

గొట్టములు కొనజాలని పేదలు మట్టికుండను మెడవఱకు పాతి, నీరు నింపి, మూతపెట్టి, చుట్టును బీర, కాకర పాదులు పెట్టవచ్చును. కుండ గోడలనుండి చెమ్మ మెల్లమెల్లగా వేళ్లకందును.

కావున పోషకులకు నా మనవి: సంఘనిధిలో కొంతభాగమును పేదరైతుల వడపోత సాధనములకును, మరమ్మతు నేర్చు యువకుల శిక్షణకును కేటాయింపుడు. రైతులకు నా మనవి: ఇరుగుపొరుగు బోర్లవారు కూర్చుండి, వేసవిలో ఎన్నియెకరములు సాగుచేయవలయునో ముందుగనే నిర్ణయించుకొనుడు. మన తాతలు చెఱువునీటిని వంతులవారీగా పంచుకొనిరి. కంటికగపడని నీటిని గూడ మనమట్లే పంచుకొనవలయును.

స్వస్తి.